నాడిని నమ్మని వైద్యుడు

సిద్దిపేట సీమ నిజాము ఏలుబడిలో నుండిన కాలమది. 1885లో ఎడ్వర్డు లారీ హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగా వచ్చెను. క్లోరోఫాం మత్తు ఇచ్చునపుడు కనిపెట్టవలసినది ఊపిరినే గాని నాడిని గాదని ఆయన ఎడిన్‌బరోలో గురువగు సైమ్ వద్ద నేర్చెను. ఆ మాట నిగ్గు తేల్చుటకై ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ అండతో 1888లోను, 1889లోను రెండు సంఘములు ఏర్పడి, వందలాది జంతువులపై పరీక్షలు జరిపెను. గుండెమందుల పరిశోధనలో పేరుగన్న లండను వైద్యుడు లాడర్ బ్రంటన్ రెండవ సంఘమునకు వచ్చెను. శ్వాస ఆగిన పిదపనే గుండె ఆగునని సంఘములు తేల్చెను. లారీ సంతసించెను.

కాని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరీక్షించి వేరొక సత్యమును చూపెను. మత్తు పలుచగా నున్నపుడు అడ్రినలిన్ తోడైనచో గుండె లయ తప్పును, జఠరికలు వట్టినే అదరుచు నెత్తురును నెట్టజాలవు, ప్రాణము పోవును. ఊపిరిని చూడుమన్న లారీ బోధ నిలిచినది; నాడిని విడువుమన్నది నిలువలేదు. నేటి మత్తు వైద్యులు రెంటిని కలిపియే కనిపెట్టుచున్నారు.