విశాఖలో ఓడలు కట్టించిన వాల్‌చంద్

విశాఖపట్నంలో బస్సెక్కి సింధియాలో దిగేవారికి ఆ పేరు ఒక ఓడల కంపెనీదని తెలియకపోవచ్చు. ఆ కంపెనీని నిలబెట్టిన సాహసి వాల్‌చంద్ హీరాచంద్.

ఆయన 1882లో షోలాపూర్‌లో జన్మించారు. మొదట రైల్వే కాంట్రాక్టులు చేశారు. సముద్ర వ్యాపారం తెల్లవారి చేతుల్లో ఉన్న రోజులవి. 1919లో మిత్రులతో కలిసి గ్వాలియర్ సింధియా మహారాజు వద్ద 'లాయల్టీ' అనే ఓడ కొన్నారు. సింధియా పేరుతోనే కంపెనీ పెట్టారు. ఏప్రిల్ 5న ఆ ఓడ బొంబాయి నుంచి ఇంగ్లండుకు బయలుదేరింది. ఏటా ఆ తేదీన జాతీయ నౌకాయాన దినం జరుపుతారు.

బ్రిటిష్ కంపెనీలు ఊరుకోలేదు. రవాణా రేట్లు తెగ్గోసి కొత్త కంపెనీని నష్టాలపాలు చేశాయి. కంపెనీని కొనేస్తామని బేరం పెట్టాయి. వాల్‌చంద్ లొంగలేదు.

ఓడలు నడిపితే చాలదని, దేశంలోనే కట్టాలని ఆయన పట్టుబట్టారు. 1941 జూన్ 21న విశాఖలో షిప్‌యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కముందే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపై బాంబులు కురిపించాయి. జనం ఊరు విడిచిపోయారు. షిప్‌యార్డు పనులు కుంటుపడ్డాయి. అయినా వాల్‌చంద్ వెనుకంజ వేయలేదు. 1948 మార్చి 14న ఎనిమిది వేల టన్నుల 'జలఉష'కు ప్రధాని నెహ్రూ జలప్రవేశం చేయించారు.

1952లో షిప్‌యార్డులో అధిక వాటా ప్రభుత్వం తీసుకుంది. మరుసటి ఏడాది ఏప్రిల్ 8న వాల్‌చంద్ కన్నుమూశారు. ఆయన వేసిన పునాది మీద విశాఖ కార్మికులు ఎన్నో ఓడలు కట్టారు.