కూతుళ్ల కోసం రాసిన కథ: డిప్యూటీ నజీర్ అహ్మద్ జీవితం

అక్బరీలా చేయొద్దు, అస్గరీలా ఉండాలి అని నానీమాలు మనవరాళ్లకు చెప్పడం ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పాత అలవాటు. ఆ అక్కచెల్లెళ్లు ఎవరి చుట్టాలూ కారు. 1869లో వచ్చిన మిరాతుల్ ఉరూస్ అనే నవలలో మనుషులు. ఆ పేరుకి అర్థం పెళ్లికూతురి అద్దం. ఉర్దూలో మొదటి నవల ఇదేనని చాలామంది లెక్క. రాసింది డిప్యూటీ నజీర్ అహ్మద్. ఆయన మన నిజాం రాజ్యంలో కూడా ఏడేళ్లు ఉద్యోగం చేశారు.

1830వ దశకంలో ఉత్తరాదిన బిజ్నోర్ జిల్లాలో పుట్టారు. ఇల్లు పేదది, చదువు మాత్రం ఉన్నది. అరబీ, ఫార్సీ తండ్రే నేర్పారు. తర్వాత ఢిల్లీ ఔరంగాబాదీ మసీదులో చేరారు. అక్కడ తాలిబ్‌లు ఇంటింటికీ తిరిగి రొట్టెలు తెచ్చుకునేవాళ్లు. ఒక ఇంట్లో మసాలా నూరితేగానీ రొట్టె దొరికేది కాదు. నూరేటప్పుడు చేతుల మీద కొట్టి ఏడిపించిన ఆ ఇంటి చిన్నపిల్లే పెద్దయ్యాక ఆయనకు భార్య అయింది. ఈ ముచ్చటని ఆయన శిష్యుడు ఫర్హతుల్లా బేగ్ రాసి పెట్టకపోతే మనకు తెలిసేదే కాదు.

ఆ తర్వాత ఢిల్లీ కాలేజీలో చదివారు. ఇంగ్లీషు చదవడానికి తండ్రి ఒప్పుకోలేదు. పెద్దయ్యాక సొంతంగా నేర్చుకుని, ఇండియన్ పీనల్ కోడ్‌ని ఉర్దూలోకి తెచ్చే పనిలో పాలుపంచుకున్నారు. బడిపంతులుగా మొదలై, స్కూళ్ల తనిఖీ, తహసీల్దారీ దాటుకుని డిప్యూటీ కలెక్టరయ్యారు. పేరు ముందు డిప్యూటీ అలా వచ్చి చేరింది.

ఇక పుస్తకం సంగతి. ఇంట్లో కూతుళ్లకు చదవడం వచ్చింది. చదవడానికి సరదా పుట్టించే పుస్తకమే లేదు. దాంతో ఆయనే రోజుకి కొన్ని పేజీలు రాసి ఇవ్వసాగారు. అవి అయిపోగానే పిల్లలు ఇంకా కావాలని వెంటపడేవాళ్లు. చుట్టుపక్కల ఆడవాళ్లూ వినడానికి వచ్చేవాళ్లు. కొడుకు బషీరుద్దీన్‌కి వేరే చిన్న పుస్తకం రాసిచ్చారు. విద్యాశాఖ పెద్ద కెంప్సన్ దొర పర్యటనకి వచ్చినప్పుడు ఆ పిల్లాడు తన పుస్తకం చూపించి, అక్కల దగ్గర ఇంతకంటే మంచివి ఉన్నాయని చెప్పాడంటారు. అట్లా ఇంటి కాగితాలు అచ్చుకెక్కాయి. సర్కారు వెయ్యి రూపాయల బహుమానం ఇచ్చి, 2,000 ప్రతులు కొన్నది. 20 ఏళ్లలో లక్షకు పైగా ప్రతులు అచ్చయ్యాయి. మన తెలుగులో కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము మొదలైంది 1878లో. అంటే అప్పటికే ఈ నవలకు తొమ్మిదేళ్లు.

కథ చాలా మామూలుది. అక్కచెల్లెళ్లు అన్నదమ్ముల ఇంటికి కోడళ్లుగా వస్తారు. గారాబంగా పెరిగిన అక్బరీ వేరు కాపురం పెట్టి, మాయమాటల హజ్జన్‌ని నమ్మి నగలు పోగొట్టుకుంటుంది. అస్గరీ లెక్కలు చూసి, పనిమనిషి ఏళ్ల తరబడి చేస్తున్న మోసాన్ని బయటపెడుతుంది. అప్పులు తీర్చి, ఇంట్లోనే ఆడపిల్లలకు బడి పెడుతుంది. పెళ్లికూతురి జహేజ్‌లో ఖురాన్‌తో పాటు ఈ పుస్తకం పెట్టడం చాలా ఇళ్లలో ఆచారమైంది.

1877లో మొదటి సాలార్‌జంగ్ పిలుపు మీద నజీర్ అహ్మద్ హైదరాబాద్ వచ్చారు. రెవెన్యూ శాఖలో పెద్ద హోదాల్లో చేసి, 1884లో ఢిల్లీ వెళ్లిపోయారు. అప్పటికి మన ఖమ్మం నిజాం రాజ్యంలోనిది, గోదావరి అవతలి భద్రాచలం 1860 నుంచే ఇంగ్లీషు వాళ్లది. ఆ 1880లలోనే నిజాం కచేరీల్లో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. ఖమ్మం వైపు తాతలకు ఉర్దూ చదువు ఉద్యోగానికి దారయింది. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో.

చివరి ఏళ్లలో ఆయన ఖురాన్‌ని వాడుక ఉర్దూలోకి తర్జుమా చేశారు. 1912లో ఢిల్లీలో కన్నుమూశారు. కొడుకు బషీరుద్దీన్ నిజాం కొలువులోనే పనిచేసి, ఢిల్లీ చరిత్ర రాశారు. మనవడు షాహిద్ అహ్మద్ దెహ్లవీ 1930లో సాఖీ పత్రిక పెట్టారు. భార్య మేనల్లుడు రాషిదుల్ ఖైరీ 1908లో ఆడవాళ్ల కోసం ఇస్మత్ పత్రిక తెచ్చారు. రాత ఆ ఖాందాన్‌లో అట్లా సాగింది.

నవలలో లోపం లేదా అంటే ఉంది. అస్గరీ ఏ తప్పూ చేయదు, అక్బరీకి ఒక్క మంచి లక్షణమూ దక్కదు. ఇల్లు చెడినా బాగుపడినా బరువంతా కోడలి మీదే. ఇప్పటి పిల్లలు చదివితే అక్బరీ తరఫున వాదిస్తారు. వాదించనివ్వండి. తరాలు కలిసి ఒక పుస్తకం చదవడమంటే అదే కదా.

అసలు కష్టం వేరే ఉంది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు మన పిల్లలు చాలామంది తెలుగు, ఇంగ్లీషు మీడియంలలో చదువుతున్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, అక్షరాలు రావు. నానీమా పెట్టెలో పుస్తకం ఉన్నా మనవరాలికి అది గీతల్లాగే కనబడుతుంది. నానీమాతోనే ఆ పుస్తకం ఆఖరు కాకూడదు.

దీనికి మందు నజీర్ అహ్మద్ చేసిన పనిలోనే ఉంది. ఆయన ఒక్కసారే పుస్తకం రాయలేదు, రోజుకి కొన్ని పేజీలే. ఇషా తర్వాత ఒక పావుగంట పెద్దవాళ్లు పైకి చదవండి, అర్థంకాని మాటని తెలుగులో చెప్పండి. పిల్లలు దాన్ని తెలుగు లిపిలో నోటుబుక్‌లో రాసుకోవచ్చు. కూతుళ్ల కోసం రాసిన పుస్తకమిది. మన కూతుళ్ల దాకా రావాలి.