వర్జీనియా ఆప్గార్

వర్జీనియా ఆప్గార్ 1909వ సంవత్సరమున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమునందు జన్మించెను. 1933లో కొలంబియా విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, శస్త్రవైద్యురాలు కాగోరెను. కాని ఆ వృత్తిలో స్త్రీలకు ఆదరణ కఱవగుటచే, పెద్దల సలహాపై మత్తుమందు వైద్యము నభ్యసించి, 1949లో అచటనే ఆచార్యపదవి నందెను.

ఆ దినములలో ప్రసవశాలలయందు వైద్యుల దృష్టి యంతయు తల్లిపైననే యుండెడిది. పుట్టినతోడనే యేడువని బిడ్డను శ్రద్ధతో పరీక్షించువారు తక్కువ. ఊపిరాడని పసికందునకు ప్రతి నిమిషమును అమూల్యమే కదా!

ఒకనాడు ఉపాహారవేళ ఒక విద్యార్థి, శిశువు స్థితి నెఱుగు మార్గమేమని యడిగెను. ఆప్గార్ వెంటనే కాగితముపై అయిదంశములు వ్రాసి యిచ్చెను. అవి గుండె వేగము, శ్వాస, కండరముల బిగువు, తాకినప్పటి స్పందన, దేహపు రంగు. ఒక్కొక్కదానికి 2 మార్కులు, మొత్తము 10. బిడ్డ పుట్టిన నిమిషమునకు ఈ మార్కులు వేయవలెను.

1952లో ఆమె ఈ పద్ధతిని వైద్యసభలో వెల్లడించెను. మార్కులు తగ్గిన బిడ్డ అపాయమున నున్నదని యెల్లరకు తెలియుటచే, చూచి యూరకుండుటకు వీలులేకపోయెను. శ్వాస కల్పించు చికిత్స పొంది యెందఱో శిశువులు బ్రదికిరి.

ఆప్గార్ 1974లో తనువు చాలించెను. ఆమె పేరిటి యా పరీక్ష మాత్రము నేటికిని దేశదేశములందు జరుగుచున్నది.