గౌను విప్పేశాక మొదలైన కెరీర్

వరంగల్ నుంచి చెన్నై రైలెక్కితే విజయవాడ దాటగానే కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ కనిపిస్తుంది. మనలో చాలామందికి ప్రకాశం అంటే ఆ బ్యారేజీ, లేదంటే ఒక జిల్లా. నాకు మాత్రం ఆయన లాయర్‌గా రిటైరైన తీరు ప్లేస్‌మెంట్స్ టైమ్‌లో మాటిమాటికీ గుర్తొస్తోంది.

టంగుటూరి ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. అక్కడే ప్లీడర్ అయ్యారు, మున్సిపల్ చైర్మన్ కూడా అయ్యారు. కానీ సెకండ్ గ్రేడ్ ప్లీడర్‌కి పై కోర్టుల్లో వాదించే అర్హత లేదు. మనమైతే అక్కడే సెటిలైపోయేవాళ్లం. ఆయన 1904లో ఇంగ్లండ్ వెళ్లారు. బారిస్టర్ అయి తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీస్ పెట్టారు. 1911లో జరిగిన కలెక్టర్ ఆష్ హత్య కేసులో ఒక ముద్దాయి తరఫున వాదించారు. పేరుతో పాటు డబ్బూ బాగా వచ్చింది.

సహాయ నిరాకరణ ఉద్యమంలో గాంధీజీ లాయర్లను కోర్టులు వదిలేయమన్నారు. 1921లో ప్రకాశం ప్రాక్టీస్ మానేశారు. అప్పటికి ఆయనకి యాభై కూడా రాలేదు. కేసులు తగ్గి మానేయలేదు, మంచి ఫామ్‌లో ఉండగా మానేశారు.

ఆ తర్వాత విశ్రాంతి లేదు. 'స్వరాజ్య' పత్రిక పెట్టి సంపాదించిందంతా అందులో పోశారు. అది అప్పుల్లో మునిగి చివరికి మూతపడింది. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా మద్రాసులో హర్తాళ్ జరిగింది, పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన మనిషిని చూడనివ్వకుండా తుపాకులు అడ్డుపెడితే ప్రకాశం చొక్కా తెరిచి ఛాతీ చూపించారు. ఆంధ్రకేసరి అనగానే జనానికి గుర్తొచ్చేది ఆ సంఘటనే. 1946లో మద్రాసు ప్రధాని, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఇంత చేసినా ఆస్తి మిగుల్చుకోలేదు. 84 ఏళ్ల వయసులో మండుటెండలో ఊళ్లు తిరిగి వడదెబ్బ తగిలింది. 1957 మే 20న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఇది చదివి మనమంతా ఆఫర్ లెటర్లు చింపేయాలని నేననను. ఇంటి పెద్ద సంపాదన ఆపేస్తే ఆ బరువు ఇంట్లోవాళ్లందరి మీదా పడుతుంది. మా ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ ఉంది, కాబట్టి ఆ లెక్క నాకు బాగానే తెలుసు. కానీ ఒకటి గమనించండి. ఎదుటివాడి పక్షాన నిలబడి వాదించడమే లాయర్ పని అయితే, ప్రకాశం హైకోర్టు మెట్లు దిగినా ఆ పని ఆపలేదు. ఫీజు తీసుకోవడం మాత్రమే ఆపారు. మన చేతిలో ఉన్నది కోడింగ్. జీతం ఇచ్చేవాళ్లకి కాకుండా అది ఇంకెవరికి పనికొస్తుందో ఫైనల్ ఇయర్ లోపు తేల్చుకోవాలని ఉంది.