లియో సిలార్డ్ జీవితము

అణుబాంబునకు దారి చూపినవారిలో మొదటివాడు లియో సిలార్డ్. దానిని జపానుపై వేయవలదని మొరపెట్టుకొన్నవాడును ఆయనయే.

సిలార్డ్ 1898 ఫిబ్రవరి 11వ తేదీన హంగరీ రాజధానియగు బుడాపెస్టు నగరమున ఒక యూదు కుటుంబములో జన్మించెను. తండ్రి ఇంజనీరు. బెర్లిన్ నగరమున భౌతికశాస్త్రము చదివి, ఐన్‌స్టీన్ స్నేహమును సంపాదించెను. ఇరువురును కలిసి శీతల యంత్రమునకు పేటెంటు పొందిరి. 1933లో హిట్లరు అధికారమునకు రాగా సిలార్డ్ జర్మనీ విడిచి లండన్ చేరెను. ఒక న్యూట్రాను తాకిన పరమాణువు రెండు న్యూట్రానులను వెలువరించినచో, అవి గొలుసువలె పెరిగి అపారమైన శక్తి పుట్టగలదని అచ్చటనే ఊహించెను. 1934లో దీనికి పేటెంటు కోరెను. దానిపై ధనమార్జింపక, రహస్యముగా నుండుటకై 1936లో బ్రిటిష్ నౌకాశాఖకు అప్పగించెను.

హిట్లరు చేతికి ముందుగా బాంబు చిక్కునేమో యను భయముతో, 1939లో ఐన్‌స్టీన్ చేత అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టునకు లేఖ పంపించెను. 1942 డిసెంబరు 2న చికాగోలో ఫెర్మీ నాయకత్వమున తొలి గొలుసు చర్య సఫలమైనప్పుడు ఆయన కూడ అచ్చట నుండెను.

1945 మే నెలలో జర్మనీ లొంగిపోయెను. భయమునకు కారణము తొలగెను గాని పని ఆగలేదు. మే 28న సిలార్డ్ మరి ఇద్దరు శాస్త్రజ్ఞులతో వెళ్లి, త్వరలో విదేశాంగ మంత్రి కానున్న జేమ్స్ బర్న్స్‌ను కలిసికొనెను. బాంబు లేనిదే జపాను ఓడదని బర్న్స్ వాదింపలేదనియు, తూర్పు యూరపులో రష్యాను దారికి తెచ్చుటకు అది పనికివచ్చుననియు, వెచ్చించిన 200 కోట్ల డాలర్లకు చట్టసభ లెక్క అడుగుననియు చెప్పెనని సిలార్డ్ తరువాత తెలిపెను. రష్యాను బెదరించినచో ఆయుధముల పోటీ తప్పదని ఆయన దిగులుపడెను.

జూలై 17 నాటి ఆయన విజ్ఞప్తిపై ఆయనతో కలిపి 70 మంది సంతకములు చేసిరి. షరతులు బహిరంగముగా తెలిపి, లొంగుటకు అవకాశమీయక జపానుపై బాంబు వేయరాదని వారి కోరిక. ఆ కాగితము అధికారుల వద్దనే నిలిచిపోయి, అధ్యక్షుడు ట్రూమన్‌కు చేరలేదు. ఆగస్టు 6న హిరోషిమాపై, 9న నాగసాకిపై బాంబులు వేసిరి. ఆ సంవత్సరాంతమునకు సుమారు 2 లక్షల మంది మరణించిరి. యుద్ధమును త్వరగా ముగించి సైనికుల ప్రాణములు కాపాడుటకే యని ట్రూమన్ ప్రభుత్వము చెప్పెను. రష్యాపై పైచేయి కొరకును అని కొందరు చరిత్రకారులు తలచిరి. ఆ వాదము నేటికిని తెగలేదు.

యుద్ధానంతరము సిలార్డ్ జీవశాస్త్రమునకు మరలెను. 1960లో రష్యా ప్రధాని క్రుశ్చేవును కలిసి శాంతికై మాటలాడెను. 1962లో అణ్వాయుధ నియంత్రణకై ఒక సంస్థను స్థాపించెను. 1964 మే 30న కాలిఫోర్నియాలో కన్నుమూసెను.

పెట్టిన సొమ్ము వృథా కారాదని తగని పనిని సాగించుట వర్తకమున నష్టమునకు దారితీయును. రాజ్యవ్యవహారములో ఆ నష్టము పరుల ప్రాణములతో తీరును. తాను ఆరంభించిన పనినే నిలుపుమని అడుగగలిగిన ధైర్యము సిలార్డ్‌ది.