సర్ హ్యారీ రికార్డో – కొలిచి చూపిన ఇంజనీరు

మేము డిగ్రీ చదివే రోజుల్లో మాలో ఒకడు సెలవుల్లో కూలిపని చేసి దాచిన డబ్బుతో పాత 150 సీసీ బండి కొన్నాడు. చీరాల–ఒంగోలు రోడ్డు మీద ఎవరికీ తీసిపోకూడదని వాడి పంతం. ఎవరో చెబితే విని, లేతు షాపులో సిలిండరు పైఅంచు అరగదీయించి ఇంజను కంప్రెషన్ పెంచాడు. రెండు వారాలు బండి దూసుకుపోయింది. తర్వాత వంతెన ఎక్కేటప్పుడల్లా లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమని శబ్దం. వాడు పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. చివరికి ఇంజను విప్పితే పిస్టన్ తలకు చిల్లు పడి ఉంది. ఏడాది కష్టం పోయింది.

ఆ శబ్దం గుట్టు విప్పినవారిలో ముఖ్యుడు హ్యారీ రికార్డో. ఆయన జీవితం మా తమ్ముళ్లకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

రికార్డో 1885 జనవరి 26న లండన్‌లో పుట్టారు. మనలా పేదింటి బిడ్డ కాదు. తండ్రి పేరున్న ఆర్కిటెక్టు. తాతగారు అలెగ్జాండర్ రెండెల్ మన దేశపు రైల్వేలకు సలహాదారుగా పనిచేసిన ఇంజనీరు. కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో, 1904లో, ఒక పోటీ జరిగింది. ఒక క్వార్ట్ పెట్రోలు, అంటే లీటరుకు కాస్త ఎక్కువ, దానితో ఎవరి బండి ఎక్కువ దూరం పోతుందో చూడాలి. రికార్డో తాను తయారుచేసిన మోటారు సైకిలు మీద 40 మైళ్లు వెళ్లి గెలిచారు. అది చూసి ప్రొఫెసర్ హాప్కిన్సన్ ఆయనను ఇంజన్ల పరిశోధనలోకి దించారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ట్యాంకుల ఇంజన్లు పొగ చిమ్ముతూ శత్రువుకు ఆచూకీ ఇచ్చేవి. పొగ రాని 150 హార్స్ పవర్ ఇంజను రికార్డో తయారుచేశారు. ఆ తర్వాత బ్రిటిష్ ట్యాంకుల్లో దాన్ని వాడారు.

ఆయన అసలు పని కంప్రెషన్ మీద. పిస్టన్ కింద ఉన్నప్పటి మొత్తం ఖాళీని, పైకి వచ్చాక మిగిలే ఖాళీతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ నిష్పత్తి. 150 సీసీ బండిలో పైన 17 సీసీ మిగిలితే నిష్పత్తి 9.8. దాన్ని 15 సీసీకి తగ్గిస్తే 11. నిష్పత్తి పెరిగితే అదే పెట్రోలుతో ఎక్కువ పని జరుగుతుంది. మరి ఎంతైనా పెంచుకోవచ్చా? కుదరదు. ప్లగ్గు దగ్గర మొదలైన మంట అవతలి అంచుకు చేరేలోపే, అక్కడ మిగిలిన గ్యాసు ఒత్తిడికీ వేడికీ తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. నాకింగ్ అంటే ఇదే.

ఏ పెట్రోలు ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో తేల్చడానికి, 1919లో షెల్ కంపెనీ పరిశోధన కోసం ఆయన ఒక వింత ఇంజను కట్టారు. నడుస్తుండగానే సిలిండరును పైకీ కిందికీ జరిపి కంప్రెషన్ మార్చవచ్చు. పెట్రోలు తర్వాత పెట్రోలు పోసి, శబ్దం ఎక్కడ మొదలవుతుందో కొలిచారు. టాలీన్‌ను కొలబద్దగా పెట్టుకుని ఇంధనాలను పోల్చారు. ఆక్టేన్ నంబరు ఆ తర్వాత వచ్చింది. ఆల్కహాలు ఎక్కువ ఒత్తిడికి తట్టుకుంటుందని కూడా ఆ పరీక్షల్లోనే తేలింది.

1921లో మన చీరాల–పేరాల జనం పన్నుకు ఎదురు తిరిగి ఊరు విడిచి రామనగరం కట్టుకున్నారు. ఆ కాలంలోనే రికార్డో రూపొందించిన నాలుగు వాల్వుల ట్రయంఫ్ మోటారు సైకిలు వచ్చింది. 1923లో ఆయన ఇంజన్ల మీద పుస్తకం ప్రచురించారు. 1929లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. 1948లో సర్ బిరుదు వచ్చింది. 1974 మే 18న, 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు మా మిత్రుని బండి లెక్క చూద్దాం. పుస్తకంలోని సూత్రం ప్రకారం నిష్పత్తి 9.8 నుంచి 11కు పెరిగితే వచ్చే లాభం దాదాపు 3 శాతం. అదీ కాగితం మీద. ఆ కాస్త కోసం పిస్టన్ పోయింది. పెంచదలచినవాడు ముందు ఖాళీని కొలవాలి, ఇంధనం ఎంత తట్టుకుంటుందో తెలుసుకోవాలి, ప్లగ్గు టైమింగ్ సరిచేసుకోవాలి, శబ్దం వినగానే ఆపాలి. వాడికి ఇవేవీ ఎవరూ చెప్పలేదు.

తమ్ముళ్లూ, రికార్డోకు ఉన్న ఇల్లు, తాత, కాలేజీ మనకు లేవు. మాలో చాలామంది ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు. తప్పు చేస్తే మళ్లీ కొనుక్కునే స్తోమత మనకు లేదు. అందుకే ఆయనకన్నా మనకే కొలిచి చూసే అలవాటు ఎక్కువ అవసరం. దానికి డబ్బు అక్కరలేదు. ఎవరో చెప్పారని చేయకుండా, లెక్క వేసుకుని చేయడం హాస్టల్ గదిలోనే నేర్చుకోవచ్చు.