పెళ్లి రిజిస్టర్‌లో ‘ప్రోగ్రామర్’ అంటే ఒప్పుకోలేదు.. కట్ చేస్తే కంప్యూటర్లకే వంతులు నేర్పారు!

1957. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్. పెళ్లి రిజిస్టర్‌లో వృత్తి అన్న చోట ప్రోగ్రామర్ అని రాయబోయాడు ఓ కుర్రాడు. అసలు అలాంటి ఉద్యోగమే లేదన్నారు అధికారులు. చేసేదేం లేక థియరెటికల్ ఫిజిసిస్ట్ అని రాసిచ్చాడు. ఆ కుర్రాడే ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా.

1930 మే 11న రోటర్‌డామ్‌లో పుట్టారు. తండ్రి కెమిస్ట్రీ టీచర్, తల్లి లెక్కల్లో దిట్ట. దగ్గరి దారి వెతికే అల్గారిథమ్‌ను కాఫీ షాపులో కూర్చుని, పెన్నూ పేపరూ లేకుండా 20 నిమిషాల్లో తేల్చేశారు. చాలామందికి ఆయన పేరు అలాగే తెలుసు. కానీ అసలు కష్టమైన పని వేరే ఉంది.

ఒకే మెమరీని వాడుకుంటూ చాలా ప్రోగ్రాములు ఒకేసారి నడుస్తున్నాయనుకోండి. దేని వేగం దానిదే. అన్నిటికీ కలిపి ఒక గడియారం ఉండదు. ఖాతాలో 1,000 రూపాయలున్నాయి. రెండు ప్రోగ్రాములు ఒకేసారి ఆ అంకె చదివి, చెరో వంద కలిపి తిరిగి రాస్తే? 1,200 కావాల్సింది 1,100 దగ్గరే ఆగిపోతుంది. వంద గల్లంతు! పైగా ఈ తప్పు రోజూ రాదు. ఎప్పుడో ఒకసారి వస్తుంది, వెతికితే దొరకదు. టెస్టింగ్‌ను నమ్ముకుంటే లాభం లేదు, గణితంలా రుజువు చేయాల్సిందేనని డైక్‌స్ట్రా పట్టుబట్టారు.

రెండు ప్రోగ్రాములకైతే గణితవేత్త డెక్కర్ అప్పటికే దారి చూపించారు. ఎన్ని ఉన్నా పనిచేసే పరిష్కారాన్ని 1965లో డైక్‌స్ట్రా ఇచ్చారు. పేపర్ మొత్తం కలిపి ఒక్క పేజీ! ఏది ఫాస్ట్, ఏది స్లో అన్న లెక్కే వేసుకోకూడదు.. అదీ ఆయన పెట్టుకున్న షరతు. రైల్వే సిగ్నల్ పేరుతో వచ్చిన ‘సెమఫోర్’ కూడా ఆయనదే. సింగిల్ లైన్‌పై ఒక రైలు దాటేదాకా రెండోది ఆగినట్టే ఇదీ. నేటి ఆపరేటింగ్ సిస్టమ్స్‌లోనూ ఉంది.

1972లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1974లో మరో చిన్న పేపర్ రాశారు, రెండే పేజీలు. నెట్‌వర్క్ ఎంత గందరగోళంలో పడినా, పైనుంచి ఎవరూ సరిచేయకుండానే దానంతట అదే దారిలోకి రావడం ఎలాగో అందులో చూపించారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ. దాదాపు పదేళ్ల తర్వాత లెస్లీ లాంపోర్ట్ ఓ ప్రసంగంలో గుర్తుచేస్తే గానీ పరిశోధకులు అటు చూడలేదు.

ఆ పేపర్‌కు అవార్డు 2002లో వచ్చింది. అప్పటికే క్యాన్సర్ ముదిరింది. అదే ఏడాది ఆగస్టు 6న నెదర్లాండ్స్‌లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ అవార్డుకే డైక్‌స్ట్రా ప్రైజ్ అని పేరు మార్చారు.